"నువ్వు పెట్టావనుకున్నా": ఇద్దరే వెళ్లే వీకెండ్ ట్రిప్‌కి సమగ్ర మార్గదర్శి

శనివారం పొద్దున్నే హోటల్ గదిలో బ్యాగు జిప్పు తీశాను. లోపల మా ఇద్దరి మాసిన బట్టలు. ఉతకడానికని పక్కన పెట్టిన బ్యాగుని మా ఆయన ఎంతో జాగ్రత్తగా కారు డిక్కీలో సర్దాడు. మడతలు పెట్టి సిద్ధం చేసిన బ్యాగు మాత్రం ఇంట్లో తలుపు వెనకాలే ఉండిపోయింది. రెండూ ఒకే రంగు. "నువ్వు చూశావనుకున్నా" అన్నాడు. "నువ్వు చూశావనుకున్నా" అన్నాను నేనూ.

ఆ రెండు రోజులూ హోటల్ వాళ్ల తువ్వాళ్లు, పక్క వీధిలో కొన్న రెండు టీషర్టులతో గడిచిపోయాయి. తర్వాత మేం ట్రిప్పులు మానలేదు, పద్ధతి మార్చుకున్నాం. అప్పటి నుంచి తెలిసినవాళ్లు "శని, ఆదివారాలు ఇద్దరం ఎక్కడికైనా వెళ్దామనుకుంటున్నాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి?" అని అడుగుతూనే ఉన్నారు. ఎక్కడికి వెళ్లాలో నేను చెప్పను. ఎలా వెళ్లాలో చెప్తాను. మా అనుభవంలో ఊరి వల్ల చెడిన ట్రిప్పులు తక్కువ, "అనుకున్నా" వల్ల చెడినవే ఎక్కువ.

1. ముందు గంటలు లెక్కపెట్టండి, తర్వాతే ఊరు

చాలామంది ముందు ఊరు ఎంచుకుని, తర్వాత టైం సరిపెట్టాలని చూస్తారు. తిరగేసి చేయండి.

శుక్రవారం సాయంత్రం 6 గంటలకు బయల్దేరి ఆదివారం రాత్రి 9కి ఇల్లు చేరితే మొత్తం 51 గంటలు. రెండు రాత్రుల నిద్రకి 16 తీసేయండి. పోను 4, రాను 4 ప్రయాణం, అంటే ఇంకో 8. స్నానాలు, భోజనాలు, తయారవడాలకి తక్కువలో తక్కువ 8. చేతిలో మిగిలేది 19 గంటలు. ఇందులో ఆరు చూడదగ్గ చోట్లు ఇరికిస్తే అది విహారం కాదు, డెలివరీ డ్యూటీ.

మేం పెట్టుకున్న హద్దులు ఇవి:

- ఒకవైపు ప్రయాణం 4 గంటలకు మించకూడదు. మనమే డ్రైవ్ చేస్తే 3.
- మ్యాప్ చూపించే టైంకి పావు వంతు కలపాలి. మనం టీకి ఆగుతామని, దారి తప్పుతామని మ్యాప్‌కి తెలియదు.
- రోజుకి ఒక్కటే ముఖ్యమైన పని. మిగతావి కుదిరితే సరి, కుదరకపోయినా సరే.
- ఆదివారం మధ్యాహ్నం తర్వాత కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదు.

2. "నీ ఇష్టం" అనే మాటని నిషేధించండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. జనం దాటేసేదీ దీన్నే.

ఒకసారి మేం ఎండలో రెండు గంటలు నిలబడి ఒక మ్యూజియంలో కుండపెంకులు చూశాం. తనకి చరిత్ర ఇష్టమని నేను వచ్చాను. నాకు ఇష్టమని తను వచ్చాడు. బయటికొచ్చాక తెలిసింది, ఇద్దరికీ ఆ రోజు చెరువు గట్టున కూర్చోవాలనే ఉందని.

దీనికి శాస్త్రంలో ఒక పేరు కూడా ఉంది. జెర్రీ హార్వే అనే అమెరికన్ మేనేజ్‌మెంట్ పండితుడు 1974లో తన ఇంటి కథే రాశాడు. మండుటెండలో, ఏసీ లేని కారులో, 53 మైళ్ల దూరంలోని అబిలీన్ అనే ఊరికి కుటుంబమంతా భోజనానికి వెళ్లొచ్చారు. తిరిగొచ్చాక చూస్తే వెళ్లాలని అసలు ఎవరికీ లేదు. ఎదుటివాళ్లకి ఉందనుకుని అందరూ తలూపారు. అప్పటి నుంచి దాన్ని "అబిలీన్ పారడాక్స్" అంటున్నారు.

దీన్ని తప్పించుకునే పద్ధతి చిన్నదే. ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూడకుండా ఇలా రాయండి:

- ఈసారి తప్పకుండా కావాల్సినది ఒకటి
- ఉంటే బాగుండేవి రెండు
- అస్సలు వద్దనిపించేది ఒకటి

తర్వాత కాగితాలు మార్చుకోండి. "తప్పకుండా" అన్న రెండూ ప్లాన్‌లోకి వెళ్తాయి, రోజుకి ఒకటి చొప్పున. "వద్దు" అన్న వాటి మీద వాదన లేదు. నాకు ఎత్తయిన చోట్ల కట్టిన తాళ్ల వంతెనలు పడవు. ఎందుకో చెప్పమని మా ఆయన అడగడు. పొద్దున్నే 5 గంటలకు లేవడం తనకి పడదు. నేనూ అడగను.

"ఇద్దరం కలిసి కూర్చుని మాట్లాడుకుంటే సరిపోదా?" అని అడుగుతారు. సరిపోదు. మొదట నోరు తెరిచినవాళ్ల మాటకే రెండోవాళ్లు సర్దుకుంటారు.

3. బుకింగ్: తేదీ, వారం, రాత్రులు, ఊరు

ఇక్కడ మా ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఫిబ్రవరిలో ఒక శనివారానికి గది బుక్ చేశానని మా ఆయన ధీమాగా ఉన్నాడు. వెళ్లి కౌంటర్ దగ్గర నిలబడితే వాళ్లు నవ్వుతూ "మీ బుకింగ్ వచ్చే నెల కదండీ" అన్నారు. లీపు సంవత్సరం కాకపోతే ఫిబ్రవరికి సరిగ్గా 28 రోజులు, అంటే నాలుగు వారాలు. కాబట్టి మార్చిలోనూ అదే తేదీకి అదే వారం వస్తుంది. 14 శనివారమేనా అని చూసుకున్నాడు, శనివారమే. నెల చూసుకోలేదు.

ఇంకో ఉచ్చు అర్ధరాత్రి. "శుక్రవారం రాత్రి 12.20 బండి" అని మనం మాటవరసకి అంటాం. టికెట్ లెక్కలో అది శనివారం. శుక్రవారం తేదీతో టికెట్ తీసుకుంటే మీరు స్టేషన్‌కి వెళ్లేసరికి ఆ బండి వెళ్లిపోయి ఒక రోజు గడిచి ఉంటుంది.

మూడోది, ఒకే పేరుతో ఉన్న ఊళ్లు, ఒకే పేరుతో ఉన్న హోటళ్లు. పేరు చూసి కాదు, మ్యాప్ మీద గుర్తు ఎక్కడుందో చూసి డబ్బు కట్టండి.

డబ్బు కట్టే ముందు ఒకరు స్క్రీన్ చూసి పైకి చదవాలి, రెండోవాళ్లు క్యాలెండర్ చూస్తూ వినాలి:

- తేదీ, నెల, వారం, మూడూ
- ఎన్ని రాత్రులు, ఎంతమంది
- ఒక పెద్ద మంచమా, రెండు విడి మంచాలా
- గది ఎన్ని గంటలకి ఇస్తారు, ఎన్ని గంటలకి ఖాళీ చేయాలి
- ఎప్పటిలోపు రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది
- మ్యాప్ మీద గుర్తు

గది టైం ఎందుకంటే, పొద్దున్న 8కి చేరుకుంటే చాలాచోట్ల మధ్యాహ్నం దాకా గది ఇవ్వరు. ముందే ఫోన్ చేసి సామాను పెట్టుకోనిస్తారా అని అడగండి. సాధారణంగా ఒప్పుకుంటారు. కన్ఫర్మేషన్ వివరాలు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి, స్క్రీన్‌షాట్‌గా. సిగ్నల్ లేనిచోట మెయిల్ తెరుచుకోదు.

4. సామాను: తాకి, పైకి చెప్పండి

జపాన్ రైళ్లలో డ్రైవర్లు సిగ్నల్‌ని వేలితో చూపిస్తూ దాని పేరు పైకి పలుకుతారు. ఒంటరిగా ఉన్నా సరే. కన్ను, చెయ్యి, నోరు, చెవి అన్నీ ఒకే పని మీద ఉంటే పొరపాటు తగ్గుతుందని వాళ్ల పద్ధతి. మాసిన బట్టల తర్వాత మేం దీన్ని అరువు తెచ్చుకున్నాం. డిక్కీ మూసేముందు ఒకరు ప్రతి బ్యాగునీ తాకి "నీ బట్టలు, నా బట్టలు, మందులు, చార్జర్లు" అంటారు. రెండోవాళ్లు "ఆఁ" అంటారు. మొదట్లో నవ్వొస్తుంది, నవ్వుకోండి.

సర్దడంలో గుర్తుంచుకోవాల్సినవి:

ఒక్కొక్కరికి ఒక బ్యాగు, ఇద్దరికీ కలిపి ఒక చేతిసంచి. చేతిసంచిలో గుర్తింపు కార్డులు, మందులు, చార్జర్లు, కొంత నగదు, ఒక టార్చి. అది ఎప్పుడూ మనిషిని అంటిపెట్టుకుని ఉండాలి, డిక్కీలోకి వెళ్లకూడదు.

నీ బ్యాగులో నా జత ఒకటి, నా బ్యాగులో నీ జత ఒకటి. ఏదో ఒక బ్యాగు తప్పిపోయినా మార్చుకోవడానికి ఒక జతయినా ఉంటుంది.

కొత్త చెప్పులు, కొత్త బూట్లు వద్దు. ఫొటోల్లో బాగుంటాయని కొంటాం, పాదాల బొబ్బలు ఫొటోలో కనిపించవు. కొత్తవే వేసుకోవాలంటే రెండు వారాల ముందు నుంచే ఇంటి చుట్టుపక్కల తిరగండి.

విమానంలో వెళ్తుంటే పవర్ బ్యాంక్ చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు. ఎయిర్‌లైన్ అనుమతి అక్కర్లేకుండా తీసుకెళ్లగలిగే హద్దు సాధారణంగా 100 వాట్-అవర్లు. మీ దాని మీద ఎంఏహెచ్ మాత్రమే ఉంటే దాన్ని 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, ఇబ్బంది లేదు. 30,000 అంటే 111. అనుమతి లేకపోతే అక్కడ ఆపుతారు.

5. తాళం వేసే ముందు పదిహేను నిమిషాలు

నలభై కిలోమీటర్లు వెళ్లాక "గ్యాస్ కట్టేశామా?" అని నాకు అనుమానం వచ్చింది. వెనక్కి వచ్చాం. కట్టేసే ఉంది. ఆ సంతోషంలో మళ్లీ బయల్దేరి, సరిగ్గా అదే నలభయ్యో కిలోమీటర్ దగ్గర నా ఫోన్ కోసం వెతికితే లేదు. గ్యాస్ చూడ్డానికి వంగినప్పుడు స్టవ్ పక్కన పెట్టాను.

ఇప్పుడు మేం ఫొటోలు తీసుకుంటాం. స్టవ్ నాబ్, కుళాయిలు, వెనక తలుపు గడియ, ముందు తాళం. నాలుగు ఫొటోలు, అర నిమిషం పని. అనుమానం వస్తే ఫోన్ చూసుకుంటే చాలు.

- గ్యాస్, కుళాయిలు, ఇస్త్రీ పెట్టె
- చెత్త బయట పెట్టడం (రెండు రోజుల తర్వాత తలుపు తీసేది మనమే)
- ఇంటి తాళంచెవి ఇద్దరి దగ్గరా ఒక్కొక్కటి, వేర్వేరు సంచుల్లో
- ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో మూడో మనిషికి ఒక మెసేజ్

6. సొంత బండి మీద వెళ్తుంటే

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి, అంటే బండి ఆగి కనీసం మూడు గంటలైనా కావాలి. నడిచి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలన్నది సాధారణంగా డ్రైవర్ తలుపు చట్రం మీద స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చయిన సంఖ్య గరిష్ఠ హద్దు, దాన్ని చూసి కొట్టించకండి. స్టెప్నీలో కూడా గాలి చూడండి. మాది ఒకసారి అవసరానికి బయటికి తీస్తే గాలి పోయిన టైరు కన్నా అదే మెత్తగా ఉంది.

టైరు మార్చే వరస:

1. గట్టి, సమమైన నేల మీద ఆపండి. హజార్డ్ లైట్లు వేయండి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో ఉంచండి.
2. మార్చే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి రాయి అడ్డం పెట్టండి.
3. చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి. ఇంకా విప్పకండి.
4. ఇప్పుడు జాకీ పెట్టి ఎత్తండి. బండి కిందకి చెయ్యి గానీ కాలు గానీ పోనివ్వకండి.
5. నట్లు తీసి, చక్రం మార్చి, చేత్తో బిగించండి.
6. బండి దించాక స్పానర్‌తో ఒకదాని తర్వాత దాని ఎదుటిది చొప్పున గట్టిగా బిగించండి.

మూడో మెట్టు దగ్గర జనం తప్పుతారు. మా ఆయన ముందు చక్రాన్ని గాల్లోకి ఎత్తేశాక నట్టు తిప్పబోయాడు. స్పానర్‌తో పాటు చక్రమూ తిరిగింది. ఎంత బలంగా తిప్పితే అంత అందంగా తిరిగింది. నేను వీడియో తీశాను. అది ఆ రోజు మా మొదటి గొడవ.

సన్నగా ఉండే తాత్కాలిక స్టెప్నీ అయితే సాధారణంగా గంటకి 80 కిలోమీటర్లు మించకూడదు. దాని మీదే రాసి ఉంటుంది.

దారి చెప్పడం ఒక విద్య. "లెఫ్టేగా?" అని తను అడిగాడు. "రైట్!" అన్నాను నేను, సరే అనే అర్థంలో. కుడికి తిరిగి పదకొండు కిలోమీటర్లు వెళ్లాం. అప్పటి నుంచి మా కారులో "రైట్" అంటే దిక్కు మాత్రమే, ఒప్పుకోవడానికి "అవును". పక్కన కూర్చున్నవాళ్లు మలుపు వచ్చాక "ఇక్కడే ఇక్కడే" అనకూడదు, ముందే "పెట్రోల్ బంకు దాటాక ఎడమ" అనాలి. మలుపు తప్పితే డ్రైవర్‌ని ఏమీ అనకండి, మ్యాప్ ఇంకో దారి చూపిస్తుంది.

మిగతావి గబగబా చెప్తాను. రెండు గంటలకోసారి ఆగి పావుగంట దిగండి. ట్యాంకు సగం ఉండగానే నింపించండి. మూత ఏ వైపుందో చాలా కార్లలో ఇంధనం మీటర్ పక్కనున్న చిన్న బాణం చూపిస్తుంది. అద్దె బండి అయితే పెట్రోలా డీజిలా అని ముందే చూసుకోండి. పొరపాటున వేరేది పోయిస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, తోయించి పక్కకి పెట్టి మెకానిక్‌ని పిలవండి. ఘాట్ దిగేటప్పుడు చిన్న గేర్‌లో దిగండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

7. కొండలు, వాన, చీకటి

కారులో వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లో కూర్చుని దూరంగా చూడాలి. ఫోన్ చూడకూడదు. మాత్ర వేసుకునేది కడుపు తిప్పడం మొదలయ్యాక కాదు, బయల్దేరడానికి అరగంట, గంట ముందు. ఈ మాత్రల్లో చాలా వాటికి నిద్ర వస్తుంది కాబట్టి డ్రైవ్ చేసేవాళ్లు వేసుకోవద్దు.

చలి లెక్క: ప్రతి 1000 మీటర్ల ఎత్తుకి ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద 28 ఉంటే 1500 మీటర్ల మీద 18 దగ్గర్లో ఉంటుంది, రాత్రికి ఇంకా దిగుతుంది. "ఇంత ఎండలో స్వెటరెందుకు" అన్నవాళ్లే మంచం మీది దుప్పటి కప్పుకుని సూర్యోదయం చూస్తారు. ఆ ఫొటో మా ఇంట్లో ఉంది.

నడక లెక్క: 1892లో విలియం నాయిస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడతారు. దాదాపు 5 కిలోమీటర్లకి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి అదనంగా ఇంకో గంట. 10 కిలోమీటర్ల దారి, 600 మీటర్ల ఎత్తు అంటే 3 గంటలు. అదీ ఆగకుండా నడిస్తే. ఫొటోలకి ఆగే దంపతులు ఒకటిన్నర రెట్లు వేసుకోండి.

బయల్దేరే ముందే "ఎన్నింటికి వెనక్కి తిరుగుతాం" అని ఒక టైం పెట్టుకోండి. శిఖరం అందకపోయినా ఆ టైంకి తిరగాల్సిందే. సూర్యుడికి, దిగంతానికి మధ్య చాచిన చేతి వేళ్లు పట్టి చూడండి. ఒక వేలు సుమారు పావుగంట. నాలుగు వేళ్లు పడితే ఇంకో గంట వెలుతురు ఉంటుంది. సూర్యుడి వైపు తేరిపార చూడకుండా ఈ పని చేయాలి.

మేం ఒకసారి "ఇంకో అయిదు నిమిషాలే" అంటూ పైదాకా వెళ్లాం. దిగేటప్పుడు చీకటి. ఫోన్ వెలుగు పడగానే మలుపులో రెండు ఎర్రటి కళ్లు కదలకుండా మమ్మల్నే చూస్తున్నాయి. పదిహేను నిమిషాలు ఊపిరి బిగబట్టి ఒక బండ వెనక కూర్చున్నాం. చివరికి ధైర్యం చేసి దగ్గరికెళ్లి మళ్లీ ఫోన్ టార్చి వేస్తే అవి ఎవరో నిలిపి వెళ్లిన రెండు సైకిళ్ల వెనక రిఫ్లెక్టర్లు. అసలు నవ్వులాట కానిది ఏమిటంటే, అప్పటికి ఫోన్‌లో చార్జింగ్ 4 శాతం. అందుకే చేతిసంచి జాబితాలో టార్చి విడిగా రాశాను.

పిడుగుల విషయంలో సరదా లేదు. మెరుపుకి, ఉరుముకి మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. 30 సెకన్లు, అంతకన్నా తక్కువ వస్తే వెంటనే భవనంలోకో, పైకప్పు ఉన్న మూసిన కారులోకో వెళ్లాలి. చెట్టు కిందకి కాదు. ఆఖరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రండి.

8. పడవ ఎక్కితే

ఇద్దరు తెడ్లు వేసే సన్నటి పడవ కయాక్‌కి ఇంగ్లిష్‌లో "డివోర్స్ బోట్" అని ముద్దుపేరు. ఊరికే రాలేదు. మేం అరగంట తెడ్లు వేసి, ఒడ్డున ఏ చెట్టు దగ్గర ఎక్కామో ఆ చెట్టు చుట్టుపక్కలే గుండ్రంగా తిరిగాం. ఒడ్డు మీద పిల్లలు లెక్కపెట్టారు, ఏడు చుట్లు.

తప్పు ఎక్కడంటే ఇద్దరం దిశ మార్చబోయాం. పనులు పంచుకోవాలి:

- బరువైనవాళ్లు వెనక కూర్చోవాలి. దిశ చూసుకునేది వాళ్లే.
- ముందున్నవాళ్ల పని వేగం. ఒకే తీరుగా తెడ్డు వేస్తూ పోవాలి, వెనక్కి తిరిగి సలహాలు ఇవ్వకూడదు.
- ఇద్దరి తెడ్లూ ఒకే వైపు, ఒకే సమయంలో పడాలి. వెనకవాళ్లు ముందువాళ్లని చూసి కలుపుకోవాలి.
- ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒక్కొక్కరే, వంగి, పడవ మధ్యలో అడుగు వేయాలి. ఒక కాలు ఒడ్డు మీద, ఒక కాలు పడవలో పెట్టి సెల్ఫీ తీసుకోకూడదు. ఎలా తెలుసని అడగకండి.

లైఫ్ జాకెట్ బిగించాక రెండోవాళ్లు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వదులు.

ఫోన్ నీళ్లలో పడితే వెంటనే ఆఫ్ చేసి, తుడిచి, చార్జింగ్ రంధ్రం కిందకి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టండి. గాలి ఆడే పొడిచోట పెట్టండి. చార్జింగ్ పెట్టకండి. బియ్యంలో పాతేయడం మనందరికీ తెలిసిన వైద్యమే కానీ ఆపిల్ కంపెనీ అది వద్దనే చెప్తోంది, బియ్యం నలక లోపలికి పోయి పాడుచేయొచ్చని.

9. అలకలకి ముందు జాగ్రత్త

రెండు రోజులు ఇరవై నాలుగు గంటలూ పక్కపక్కనే ఉంటే ఎంత ప్రేమ ఉన్నా ఎక్కడో ఒకచోట చిటపట తప్పదు. దాన్ని ఆపే ప్రయత్నం చేయకండి, చిన్నదిగా ఉంచితే చాలు.

ఆకలి మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. మా గొడవల్లో చాలావాటికి కారణం వెతికితే భోజనం రెండు గంటలు లేటవడమే తేలింది. చేతిసంచిలో తినడానికి ఏదో ఒకటి ఉండాలి, అదీ ఇద్దరికీ.

ఖర్చుకి ఒక ఉమ్మడి మొత్తం ముందే పక్కన పెట్టండి. అందులోంచే అన్నీ. ప్రతి బిల్లు దగ్గరా "ఇది అవసరమా" అనే చర్చ ఉండదు.

రోజుకి ఒక గంట విడిగా గడపండి. ఒకరు పడుకుంటే ఒకరు నడిచి రావచ్చు. కొత్త దంపతులకి ఈ మాట వింతగా ఉంటుంది, రెండో ట్రిప్పుకి వాళ్లే అడుగుతారు.

ఫొటోలకి ఒక్కో చోట పది నిమిషాలు. తీసేవాళ్లు మొదట ఒకటి తీసి చూపించాలి, "ఇలాగేనా?" అని. నలభై తీశాక "నా కళ్లు మూసుకుపోయాయి" అని వినడం కన్నా ఇది మేలు.

ఎవరి తప్పయినా సరే, తిరిగి ఇల్లు చేరేదాకా పంచాయితీ వాయిదా. అప్పటికి చాలావరకు నవ్వులాటగా మారిపోతుంది. మారకపోతే అప్పుడు మాట్లాడండి.

10. పనులు చెడినప్పుడు వెంటనే ఏం చేయాలి

గది లేదన్నారు: కౌంటర్ దగ్గర ఇద్దరూ మాట్లాడకండి. ఒకరు బుకింగ్ చూపించి మర్యాదగా మాట్లాడాలి, రెండోవాళ్లు ఆ పక్కనే కూర్చుని ఫోన్‌లో ఇంకో గది వెతకాలి.

వాన ఆగట్లేదు: బయల్దేరే ముందే "వాన పడితే" అని ఒక లోపలి పని రాసి పెట్టుకోండి. పేకముక్కలు, ఒక పుస్తకం చాలు.

ఒకరికి ఒంట్లో బాగాలేదు: విరేచనాలైతే శుభ్రమైన లీటరు నీళ్లలో సమంగా తలగొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంటే అదే మంచిది. రక్తం పడినా, జ్వరం వచ్చినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

జనంలో ఒకరికొకరు కనిపించట్లేదు: ఇద్దరూ వెతుక్కుంటే ఎప్పటికీ దొరకరు. ఎక్కడికి వెళ్లినా లోపలికి అడుగు పెట్టగానే "తప్పిపోతే ఇక్కడ" అని ఒక చోటు అనుకోండి. మేం ఒకరి కోసం ఒకరం ఒకే గుండ్రటి భవనం చుట్టూ ఒకే వైపు తిరిగాం, ముప్పావుగంట.

11. ఖాళీ చేసేటప్పుడు

మొదట్లో లెక్కలో వేసిన ఆదివారం రాత్రి 9 ఆఖరి హద్దు. వీలైతే మధ్యాహ్నం భోజనం అవగానే బయల్దేరి చీకటి పడకముందే ఇల్లు చేరేలా చూసుకోండి. సోమవారం పొద్దున్నే ఆఫీసుకి పరుగెత్తాల్సిన మనుషులకి ఆ రెండు గంటలు కావాలి.

గదిలోంచి వచ్చేముందు ఒకరు గుమ్మం దగ్గర సామానుతో నిలబడాలి, రెండోవాళ్లు ఒక్కరే గది చుట్టూ తిరిగి తాకి, పైకి చెప్పాలి:

- ప్లగ్గుల్లో చార్జర్లు
- బాత్రూం తలుపు వెనక కొక్కెం
- దిండ్ల కింద, మంచం కింద
- అల్మరా, లాకర్, చిన్న ఫ్రిజ్
- బాల్కనీలో ఆరేసిన బట్టలు
- మనవి కానివి మన బ్యాగులో ఉన్నాయేమో

ఆఖరిది తర్వాత చేర్చాం. కిందటిసారి ఇంటికొచ్చి బ్యాగు విప్పితే దుప్పటి మడతల్లో టీవీ రిమోట్ కనిపించింది. మాది కాదు. సిగ్గుపడుతూ హోటల్‌కి ఫోన్ చేశాను. అవతల ఆయన సాదాసీదాగా "అదేనండీ, మేమూ మీకు చేద్దామనుకుంటున్నాం, మీ సార్ చార్జర్, మీ కళ్లజోడు మా దగ్గరే ఉన్నాయి" అన్నాడు. "గది చూశావా?" అని మా ఆయన వైపు తిరిగాను. తను అప్పటికే నా వైపు చూస్తున్నాడు. "నువ్వు చూశావనుకున్నా."